కిటికీ ఎవరి కోసం?

ముంబై అనాలి గానీ, మా ఇంట్లో అది ఇప్పటికీ బొంబాయే. ఆ మధ్య అక్కడికి వెళితే మా అమ్మాయి తన ఆఫీసు చూపించింది. లోయర్ పరేల్‌లో ఒకప్పటి బట్టల మిల్లు. రంపపు పళ్ళలాంటి కప్పు, ఇనప స్తంభాలు అలాగే ఉంచి లోపల మొక్కలు పెట్టారు. పొడవాటి బల్లల చుట్టూ పిల్లలు చేరి కబుర్లాడుతున్నారు.

"కబుర్లు కాదమ్మా, పనే! అందరూ కలిసి ఆలోచించాలని గోడలు తీసేశారు. గాలీ వెలుతురూ ఉంటే బుర్ర బాగా పనిచేస్తుంది" అంది.

నాకు మా మేనమామ గుర్తొచ్చాడు.

సిరిసిల్ల వైపు నుంచి ఆ పేట మిల్లులకు వెళ్ళిన ఎంతోమంది నేతపనివాళ్ళలో మామయ్య ఒకడు. సెలవుకి వస్తే ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. మగ్గాల హోరులో పక్కవాడి మాట వినపడదు మరి! పదిమంది కలిసి ఒక గది తీసుకుని, ఒకడు షిఫ్టుకెళితే వాడి చాప మీద ఇంకొకడు పడుకునేవాడట. కలిసిమెలిసి ఉండడం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు సుమండీ.

1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పని మానేశారు. చాలామందికి మళ్ళీ ఆ గేటు తెరుచుకోలేదు. మామయ్య ఓ ట్రంకుపెట్టెతో, ఓ దగ్గుతో ఇంటికొచ్చాడు. పత్తిదుమ్ము తెచ్చే ఆ జబ్బుకో చిత్రమైన గుణం ఉంది. ఆదివారం కాస్త తెరిపిస్తుంది. సోమవారం పనిలోకి వెళ్ళగానే ఛాతీ బిగపట్టేస్తుంది.

అన్నట్టు, ఆ కప్పు అద్దాలు ఉత్తరం వైపే ఎందుకుంటాయో తెలుసా? ఎండ నేరుగా పడకుండా సమానమైన వెలుతురు రావాలని. నేతలో లోపముంటే కనపడాలని. తేమ ఆరితే నూలు తెగుతుందని కిటికీలు మూసేవారట. వెలుతురు బట్ట కోసం, తేమ దారం కోసం. మనిషి కోసం ఏదీ లేదు.

మరి ఇప్పుడో? దారం స్థానంలో బుర్ర వచ్చింది. అది తెగకుండా కిటికీలు తెరిచారు. సంతోషమే! కానీ ఈ గాలి మనిషని ఇచ్చామా, మరకి నూనె వేసినట్టు వేశామా?

"అయితే మిల్లు పాడుబడి ఉండాలా?" అని అమ్మాయి నిలదీసింది.

అక్కర్లేదు. పాత గోడని కూల్చకుండా నిలబెట్టుకోవడం మంచిదే. మామయ్య ఉంటే ఆ గాలికి మురిసిపోయేవాడు కూడా. నా సందేహం ఒక్కటే. అక్కడ నేల తుడిచే ఆవిడ మధ్యాహ్నం డబ్బా ఎక్కడ విప్పుతుంది?

"మెట్ల కింద" అంది అమ్మాయి, గొంతు తగ్గించి.

గెలిచాననుకున్నాను. రైల్లో తిరిగి వస్తుంటే మా ఇల్లు గుర్తొచ్చింది. కిందటేడు బాగు చేయించినప్పుడు హాలుకి రెండు పెద్ద కిటికీలు పెట్టించాం. వంటింటికి గూడంత కిటికీ అలాగే ఉండిపోయింది. పొయ్యి దగ్గర గంటల తరబడి నిలబడేది నేనే, మేస్త్రీకి దగ్గరుండి చెప్పిందీ నేనే! వచ్చినవాళ్ళు చూసేది హాలే కదా అనుకున్నాను. ఇక పనిమనిషి గిన్నెలు తోమే పెరటి మూలకి రేకైనా వేయించలేదు. ఎండా వానా ఆమె నెత్తిమీదే.

ఇల్లయినా, ఆఫీసయినా ఆరోగ్యంగా ఉందో లేదో హాల్లో కూర్చుంటే తెలియదు. అందరికంటే తక్కువ జీతం తీసుకునేవాళ్ళు, అసలు జీతమే లేనివాళ్ళు నిలబడే చోట నిలబడి చూడాలి. ఏమంటారు?

మొన్న అమ్మాయి ఫోన్ చేసింది. ఆవిడ ఇప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గరే తింటోందట. మొదటి రెండ్రోజులూ కుర్చీ అంచునే కూర్చుందట. నేనూ పెరట్లో రేకు వేయించాను. వంటింటి కిటికీకి మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. ఏ ఆదివారమో మాత్రం చెప్పలేదు.