వాసన నమ్మినవాడిది తప్పా?

'దురాశ దుఃఖానికి చేటు' అన్న సామెతలో ఒక సౌకర్యం ఉంది. మోసం ఎక్కడ జరిగినా దాన్ని మోసపోయినవాడి మీదకి విసిరేయొచ్చు. మోసం చేసినవాడి గురించి ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు. ఈ సామెత ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే, పురుగుల్ని తినే మొక్కల దగ్గర పెట్టి చూడాలి.

మన దేశంలో సహజంగా పెరిగే కూజా మొక్క ఒక్కటే, మేఘాలయలోని నెపెంథిస్ ఖాసియానా. ఆకు కొస కూజాలా మారుతుంది. అంచున తేనె ఊరుతుంది, కాలు జారితే లోపల జీర్ణరసం. బోర్నియోలో దీని బంధువు ఒకటి పూల వాసన వేస్తుంది. వీనస్ ఫ్లైట్రాప్ వదిలే వాసనల్లో పండ్లలో, పూలలో ఉండే రసాయనాలు చాలా ఉన్నాయని 2014లో జర్మనీ పరిశోధకులు చూపించారు. అంటే ఈగకి తగిలేది మృత్యువు వాసన కాదు, పండు వాసన.

పండు వాసన వస్తే అక్కడ పండు ఉంటుందనుకోవడం ఈగ తెలివి. దాని జాతి అంతా ఆ నమ్మకం మీదే బతికింది. ఎక్కువసార్లు అది నిజమవుతుంది కాబట్టే ఎర పనిచేస్తుంది. అబద్ధం ఎప్పుడూ నిజానికున్న పరపతి మీదే అప్పు తెచ్చుకుంటుంది. వలలో పడిన ఈగ ముక్కు చెడిపోలేదు, సరిగ్గా పనిచేసింది.

పోనీ మొక్కది నేరమా? అబద్ధానికి ఉద్దేశం ఉండాలి. నత్రజని దొరకని నేలలో తరతరాలుగా ఏ వాసన పనికొచ్చిందో అది మిగిలింది, అంతే. అక్కడ దోషి ఎవరూ లేరు.

తెలిసి ఎర వేసేవాణ్ణి చూడటానికి మేఘాలయ దాకా వెళ్లక్కర్లేదు. మా రామచంద్రపురం చుట్టుపక్కల వరిచేలల్లో కర్రలకి కట్టే లింగాకర్షక బుట్టలు చాలు. కాండం తొలిచే పురుగులో ఆడది మగదాన్ని పిలిచే వాసన ఉంటుంది. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసి, ముఖ్యమైన రెండు రసాయనాల్ని 3:1 పాళ్లలో కలిపి ఎరగా పెడతారు. జత కోసం వచ్చిన మగ రెక్కలపురుగు బుట్టలో పడుతుంది. కంకులు తెల్లబోకుండా కాపాడుకోవడానికి రైతు చేసే ఈ పనిని నేను తప్పుపట్టను. కానీ ఒకటి గమనించండి. బుట్టలో పడ్డ పురుగుని చూసి 'దీనికి అత్యాశ' అని ఏ రైతూ అనడు. దానిది మామూలు ఆశేనని ఎర పెట్టినవాడికి బాగా తెలుసు.

ఆ ఊళ్లోనే మా బాబాయి రిటైరయ్యాక వచ్చిన డబ్బులో సగం ఒక ఫోన్ యాప్‌లో పెట్టి పోగొట్టుకున్నాడు. మొదటి నెల లాభం నిజంగానే ఖాతాలో పడింది. తర్వాత యాప్ లేదు, మనుషులూ లేరు. చుట్టాలందరిదీ ఒకటే మాట: 'ఈ వయసులో అంత ఆశ ఎందుకండీ?' ఆయన ఆశల్లా మనవరాలి ఫీజు, పిన్ని మందులు. ఒకసారి మాట నిలబెట్టుకున్నవాణ్ణి రెండోసారి నమ్మొచ్చన్నది ఆయన జీవితమంతా పాటించిన లెక్క. మన ఊళ్లలో అరువులూ చేబదుళ్లూ నడిచేది ఆ లెక్క మీదే. ఎర సరిగ్గా దానికే తగిలించారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. ఏ బటన్ ఎక్కడ పెడితే ఎక్కువమంది నొక్కుతారో కొలవడం మా రంగంలో రోజువారీ పని. ఆ కొలతలు మూర్ఖుల కోసం తీసేవి కావు, మామూలు మనిషి కోసం తీసేవి. మోసగాడూ అదే మనిషిని దృష్టిలో పెట్టుకుని స్క్రీన్ తయారుచేస్తాడు.

అయితే జాగ్రత్త అక్కర్లేదా? కావాలి. కానీ జాగ్రత్తగా లేకపోవడం వేరు, నేరం చేయడం వేరు. మొదటిదాన్ని రెండోదానిలా చూస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. బాబాయి పోలీసులకి ఫిర్యాదు ఇవ్వలేదు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్నాడు. బాధితుడి సిగ్గు మోసగాడికి పెట్టని కోట.

కూజాలో పడ్డ ఈగ వెనక్కొచ్చి మిగతా ఈగలకి సంగతి చెప్పలేదు. మనిషి చెప్పగలడు. ఈగ మీద మనకున్న పైచేయి అదొక్కటే. అది పనికిరావాలంటే, అతను నోరు తెరిచేలోపు మనం సామెత అందుకోకుండా ఉండాలి.