ఒకే యేటిలో మూడు పాళ్లు

ధ్యానభాగము: ఆదికాండము 13:5–17



అబ్రామునకును లోతునకును మందలు విస్తరించినప్పుడు ఆ దేశము వారిద్దరికిని చాలకపోయెను. కాపరులకు కలహము పుట్టెను. మేము గ్రామములు తిరుగుచు వినుచున్న తగవులలోను అనేకము దగ్గరివారి మధ్యవే. ఏలయనగా మనకు కావలసినదే వారికిని కావలెను.

అడవి మృగములకును ఈ చిక్కు కలదు. థాయిలాండు దేశపు పడమటి అడవులలో హువాయ్ ఖా ఖేంగ్ అను నది యున్నది. అందులో మూడు జాతుల నీటికుక్కలు కాపురమున్నవి. మూడును మాంసాహారులే, ఒకే కుటుంబములోనివే. హాన్స్ క్రూక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును వాటి అడుగుజాడలను, మలమును శోధించి, కనుగొన్నదానిని 1994లో ప్రకటించిరి. నున్నని బొచ్చుగల పెద్ద జాతి నిదానముగా పారు నీటిలో పెద్ద చేపలను పట్టును. ఈ జాతి మన గోదావరి ముఖమున కోరింగ మడ అడవులలోను ఉన్నది. యూరపు వరకు వ్యాపించిన రెండవ జాతి ఎగువను వడిగా పారు నీటిని ఆశ్రయించి, చిన్న చేపలను పట్టును. చిన్న గోళ్లుగల మూడవది వ్రేళ్లతో రాళ్లసందులు తడవి ముఖ్యముగా పీతలను తినును. వాటి తావులు కొంత కలిసియే యున్నను, ఆహారము వేరగుటచేత ఏరు మూడింటికిని చాలుచున్నది.

అయితే ఈ దృష్టాంతమును వంకరగా త్రిప్పరాదు. చిన్నవానికి పీతలు చాలునని కాలువ మొదటి చేనువాడు చివరి చేనువానితో చెప్పుటకు ఇది ఆధారము కాదు. ఆ చిన్న మృగమునకు పీత ఎంగిలి మెతుకు కాదు. దాని వ్రేళ్లకును దంతములకును తగిన నిండు భోజనము. మనుష్యులకో, అందరికిని ఆకలి ఒక్కటే. కనుక దేవుడు మృగములకు దేహములోనే పెట్టిన పంపకమును మనకు మనస్సాక్షిలో పెట్టెను.

అబ్రాము ఏమి చేసెను? అతడు పెద్దవాడు, దేవుని పిలుపు పొందినవాడు. మొదట కోరుకొను హక్కు అతనిదే. అయినను ఆ హక్కును చిన్నవానికి విడిచెను. లోతు నీళ్లు పారు యొర్దాను మైదానమును కోరుకొని వెళ్లిపోయెను. ఆ తరువాతనే దేవుడు అబ్రామును కన్నులెత్తి నలుదిక్కుల చూడుమని పిలిచి వాగ్దానము చేసెను.

ప్రియులారా, నీటి వంతులలోను, గట్టు తగవులలోను, అన్నదమ్ముల పంపకములలోను మనలో బలము గలవాడు ఎవడో వాడే ముందుగా చేయి విడువవలెను. రాత్రి పొరుగువాని మడవ కట్టివచ్చినవాడు ఉదయమున ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందు వెళ్లి దానిని తీయునుగాక. ఆమేన్.