అసలు జోలికి పోకు నాయనా

నాయనా, నీ చేతిలో పనితనం ఉంది, కాదనను. నువ్వు రంగులు దిద్దిన పెళ్ళి ఫోటో చూసి పెళ్ళికూతురి తల్లి మురిసిపోతుంది. చిక్కంతా నీ తొందరతోనే. ఒకే ఫోటోని ఆల్బమ్‌కి ఒకలా, ఇన్‌స్టాగ్రామ్‌కి ఇంకోలా, బ్లాక్ అండ్ వైట్‌లో మరోలా చేస్తావు. చెయ్యి, తప్పులేదు. కానీ చేసినప్పుడల్లా ఓ కొత్త జేపెగ్ సేవ్ చేసి ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే ఫైనల్’ అని పేర్లు పెడతావే, అదీ నాకు ఒళ్ళు మండే సంగతి. ఆర్నెల్లు పోయాక వాటిలో ఏది ఆఖరిదో నువ్వే చెప్పలేవు.

కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు విత్తనాల వడ్లలాంటిది. ఎంత ఆకలేసినా వాటిని దంచుకు తినరు. జేపెగ్‌ని దిద్ది మళ్ళీ దాని మీదే సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పోయింది తిరిగి రాదు. ఇన్‌స్టాగ్రామ్ కోసం 1080 పిక్సెళ్ళ వెడల్పుకి కుదించి అసలు మీదే సేవ్ చేశావనుకో, 300 డీపీఐలో ప్రింటు తీస్తే మూడున్నర అంగుళాల పైచిలుకే వస్తుంది. పెళ్ళివాళ్ళు గోడకి 12 బై 18 అంగుళాల ఫ్రేము అడిగితే? దానికి 3600 బై 5400 పిక్సెళ్ళు కావాలి. ఎక్కణ్ణుంచి తెస్తావు?

లైట్‌రూమ్ క్లాసిక్ వాడుతున్నావు కదా, మరి అందులో వర్చువల్ కాపీ ఎందుకుందనుకున్నావు? ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ఒకటి తీసుకో. దాంతో రెండో ఫోటో ఫైలేమీ పుట్టదు. ఏమేం దిద్దావో ఆ లెక్క మాత్రం కేటలాగ్ రాసి పెట్టుకుంటుంది, అసలు చెక్కుచెదరదు. మెటాడేటాలో కాపీ నేమ్ అని ఓ గడి ఉంటుంది. అందులో ‘ఆల్బమ్’ అనో, ‘ఇన్‌స్టా’ అనో రాయి. అది ఎన్నోదో కాదు, ఎందుకోసమో రాయి. దిద్దుతూ దిద్దుతూ మధ్యలో ఓ గుర్తు పెట్టుకోవాలంటే స్నాప్‌షాట్ చాలు, చిన్న మార్పుకల్లా కాపీ అక్కర్లేదు. ఫోటోషాప్‌లోకి వెళ్ళినా అంతే. బ్యాక్‌గ్రౌండ్ లేయర్ మీద నేరుగా చెయ్యి పెట్టకు. అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వేసుకుని పీఎస్‌డీగా దాచుకో.

ఇంకోటి విను. ఆ వర్చువల్ కాపీలు ఉండేది కేటలాగ్‌లోనే, దిద్దుబాట్లు రాసిపెట్టే ఎక్స్ఎంపీ ఫైళ్ళలోకి రావు. కేటలాగ్ పోతే అవీ పోతాయి. లైట్‌రూమ్ మూసేటప్పుడు బ్యాకప్ చేయమంటావా అని అడుగుతుంది చూడు, విసుక్కుని స్కిప్ నొక్కేయకు. ఆ బ్యాకప్‌లో ఫోటోలు ఉండవు సుమా, వాటిని వేరే డిస్కులో విడిగా దాచుకోవాలి. కాపీని తీసేస్తే అసలుకేమీ కాదు. అసలును తీసేస్తే మాత్రం కాపీలన్నీ దాని వెంటే పోతాయి. ఎటు తిరిగినా నేను చెప్పేదొక్కటే, అసలు జోలికి పోకు.

చేతిలో ఉంది కదా అని కాపీలు తీస్తూనే పోకు. అవసరానికి రెండో మూడో చాలు. ఇంటివాళ్ళకి పంపేటప్పుడు ఒక్కటే పంపు. నాలుగు రకాలు పంపావో, మేనత్తకి ఒకటి నచ్చుతుంది, పెదనాన్నకి ఇంకోటి నచ్చుతుంది, మధ్యలో నలిగేది నువ్వు.

ఫోటో ఇచ్చేసి డబ్బులు తీసుకోగానే పని అయిపోయిందనుకుంటావు. అవదు నాయనా. ఆ గ్రూపు ఫోటోలో పక్కన నిలబడి నవ్వుతున్న పెద్దాయన రేపో మాపో కాలం చేస్తాడు. ఆయన కొడుకు నీకు ఫోన్ చేసి, నాన్నని మాత్రం విడిగా తీసి పెద్దది చేసివ్వమంటాడు. వాళ్ళకి ఆయన బాగా పడింది ఆ ఒక్క ఫోటోలోనే అయ్యుంటుంది. ఆ రోజు నీ రంగులూ, నీ క్రాపులూ ఎవరికీ అక్కర్లేదు, ముట్టుకోని అసలు కావాలి. లేదని చెప్పడానికి నీకు నోరు రాదు.

సరే, చాలా చెప్పాను. వెళ్ళి నాలుగు మెతుకులు తిని, ముందు ఆ బ్యాకప్ సంగతి చూడు.