సంత ఎవరిది?

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో మిగిలిపోయిన, కుళ్లిన కూరగాయల నుంచి గ్యాసు, కరెంటు తీస్తున్నారు. రోజుకు సుమారు పది టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల దాకా కరెంటు వస్తుందని 2021లో దేశమంతా చెప్పుకుంది. మంచి పనే. పారేసేదానికీ విలువ ఉందని ఆ మార్కెట్ చూపింది. కానీ సరుకు తెచ్చిన రైతుకు అక్కడ పని కొద్దిసేపే. బండి దిగుతుంది, పాట జరుగుతుంది, కమీషన్ పోను డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. పట్నానికి అలాంటి మార్కెట్ అవసరమే. మన సంత పెరగడమంటే అలా మారడమేనా?

మనకు సంత అంటే అమ్మకం ఒక్కటే కాదు. ఉప్పు, నూనె కొనడానికి వెళ్ళి చుట్టాల బాగోగులు తెలుసుకుంటాం. పెళ్ళి మాటలు అక్కడ కలుస్తాయి. కష్టం వస్తే చెప్పుకునేదీ అక్కడే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది కూడా సోమవారం, సంత రోజునే. భూమి గురించి మాట్లాడుకోవడానికి జనం కలిసే రోజు అది. అనుమతి లేదన్నారు, కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. మనవాళ్ల లెక్క అంతకంటే చాలా ఎక్కువ. అమ్ముకోవడానికి రావచ్చు, మాట్లాడుకోవడానికి రాకూడదంటే ఆ సంత మనది కాదు.

1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంది. అధికారం మనదైతే న్యాయం చేసే బాధ్యతా మనదే. తైబజారు వేలం వేసి కాంట్రాక్టరుకు అప్పగిస్తే పంచాయతీకి సులువుగా డబ్బు వస్తుంది. అతను మాత్రం పెట్టిన సొమ్ము రాబట్టుకోవడానికి గంపెడు ఇప్పపువ్వు తెచ్చిన అవ్వను కూడా వదలడు.

డబ్బు లేకుండా నీళ్లు, నీడ ఎలా వస్తాయని అడగవచ్చు. సరైన ప్రశ్నే. లారీల మీద వసూలు చేద్దాం, గంపలను వదిలేద్దాం. వచ్చినదాన్ని సంతకే ఖర్చు పెట్టి, లెక్క గ్రామసభలో చదువుదాం. చదువుకున్న పిల్లలు ఆ రోజు బోయిన్‌పల్లి ధరలు ఫోన్‌లో చూసి బోర్డు మీద రాయవచ్చు. టీచర్లు పిల్లలను తీసుకొచ్చి కాటా సరిచూడటం నేర్పవచ్చు. చెట్టు కింద కొంత చోటు ఏ దుకాణానికీ ఇవ్వకుండా ఉంచుదాం. అమ్మడానికి ఏమీ లేనివాళ్లు కూడా వచ్చి కూర్చోవడానికి అది కావాలి.