కృతజ్ఞతకు హేతువు

ఆంగ్లేయులు తరచుగా పలుకు వాక్య మొకటి కలదు: 'ఐ హావ్ మచ్ టు బి థాంక్‌ఫుల్ ఫర్.' నేను కృతజ్ఞుడనై యుండుటకు హేతువు లనేకములు గలవని దాని భావము. రోగము నుండి కోలుకొన్నవాడు దీనిని పలుకును. వార్ధకమున గతమును తలపోయువాడు పలుకును. ఉన్న సొత్తులో సగము పోగొట్టుకొని, మిగిలిన సగమును చూచి యూరట చెందువాడును పలుకును. వినుటకు సొంపుగా నున్న యీ వాక్యమును తెలుగున వ్రాయబోవువాని కొక చిక్కు కలుగును. హేతువులు గలవు, సరియే, కృతజ్ఞత యెవరియెడల? ఆ భాషలో 'థాంక్‌ఫుల్' అను మాట తరువాత 'టు' అనునది వచ్చిన మేలు చేసినవానిని చూపును. 'ఫర్' అనునది వచ్చిన మేలును చూపును. పై వాక్యములో 'ఫర్' నిలిచినది. అందున్న 'టు' క్రియకు సంబంధించినదే గాని మనుష్యునికి గాదు. మేలు మిగిలి, మేలు చేసినవాడు మాయమైనాడు.

ఇది వట్టి వ్యాకరణచర్చ యని చదువరులు త్రోసివేయకుందురు గాక. దాత లేని కృతజ్ఞత యుండునా? ఉన్నయెడల దానిని ఒకడు మరియొకని నుండి కోరవచ్చునా? నన్ను బాధించిన ప్రశ్న యీ రెండవది.

'థాంక్' అను మాటయు, తలంచుట యని యర్థమిచ్చు 'థింక్' అను మాటయు నొక్క మూలము నుండి పుట్టినవి. ప్రాచీనాంగ్లమున నది మొదట తలంపునకు పేరై, పిమ్మట సద్భావమునకును కృతజ్ఞతకును పేరయ్యెను. మన కృతజ్ఞుడును చేయబడినదాని నెరిగినవాడే గదా! రెండు భాషలును ఈ గుణమును జ్ఞాపకమునకే ముడిపెట్టుట గమనింపదగినది. 'గ్రేట్‌ఫుల్' అను పదము ప్రీతికరమను నర్థముగల లాటిను మాట నుండి వచ్చినది. 'ఒబ్లైజ్డ్' అనునది కట్టివేయుట యను నర్థముగల లాటిను ధాతువునకు జెందినది. మనవారు ఋణపడియున్నా మనుట వంటిది. ఒకడు తలంచును, ఒకడు ప్రీతి నొందును, ఒకడు కట్టుపడును. ఈ మూటిలో కట్టుపడుట మాత్రము అవతలివాడు లేనిదే సాగదు.

(ఆ మాటకు వేరొక ముఖమును గలదు. 'ఐ విల్ థాంక్ యూ టు బి సైలెంట్' అనిన ఆంగ్లేయుడు కృతజ్ఞత చూపుట లేదు; నోరు మూసికొమ్మని యాజ్ఞాపించుచున్నాడు. వకీళ్ల నోటీసులు చదివినవారి కీ మర్యాద క్రొత్త గాదు.)

మేళ్లను లెక్కించు నలవాటు ఆంగ్లేయులలో ప్రార్థనాలయముల యందు బలపడినది. 1662వ సంవత్సరపు ఆంగ్లికన్ ప్రార్థనాగ్రంథమున ఎడ్వర్డ్ రేనాల్డ్స్ అను బిషప్పు కూర్చిన సామాన్య కృతజ్ఞతాస్తవము చేరెను. సృష్టి మొదలుకొని యీ జీవితమునందలి మేళ్లన్నియు నందు తలంపబడును. అక్కడ 'ఎవరికి' అను ప్రశ్న పుట్టదు. సంబోధనతోనే యది ప్రారంభమగును. 1897లో అమెరికాలో జాన్సన్ ఓట్మన్ 'కౌంట్ యువర్ బ్లెస్సింగ్స్' అను కీర్తనలో లెక్కింపునే పల్లవి చేసెను. నేడా మాటలు దేవుని నమ్మినవాడును నమ్మనివాడును నొక్కరీతిగా పలుకు హితోక్తి యైనవి. నమ్మనివానిని నేను తప్పుపట్టను. ఉదయపు వెలుగును చూచి సంతసించినవాడు దాత నెరుగకున్నను ఆ సంతసము నిజమే. అతడు తన లెక్కను తానే వ్రాసికొనినంతకాలము దానివలన నెవరికిని హాని లేదు.

ఒకరి లెక్కను మరియొకరు వ్రాయునప్పుడే చిక్కు. అంతర్యుద్ధము జరుగుచుండగా 1863 అక్టోబరు 3న లింకన్, నవంబరు కడపటి గురువారమును దేశమంతయు కృతజ్ఞతాదినముగా జరుపుకొనవలసిన దని ప్రకటించెను. పొలముల పంటయు గనుల సమృద్ధియు నందు లెక్కకు వచ్చెను. యుద్ధమున దిక్కులేనివారైన వితంతువులను, అనాథలను తలంపు డనియు నా ప్రకటనయే కోరెను. అది దాని గొప్పతనము. అయినను 1970 మొదలు ప్లిమత్ పట్టణమున అదే దినమున వాంపనోగ్ మొదలగు ఆదిమజాతులవారు శోకదినమును జరుపుకొనుచున్నారు. ఒకరి పద్దులో మేలుగా నెక్కిన భూమి వీరి పద్దులో పోయిన భూమి.

ఇంకొక లెక్క కలదు. అది పోలికవలన బుట్టినది. ఎదుటివానికి కాలు లేదు, నాకు గలదు, కావున నేను కృతజ్ఞుడను. లూకా సువార్త పదునెనిమిదవ యధ్యాయమున పరిసయ్యుడు ఇతరులవంటివాడను గానందుకు దేవునికి వందనము లర్పించును. క్రీస్తు ఆ కథను మెచ్చుకొనుటకు చెప్పలేదు.

నా దోషమును చెప్పెదను. నాయొద్ద చిరకాలముగా పనిచేయుచున్న గుమస్తా, కుమార్తె కాలేజీ చదువు నిమిత్తము జీతము పెంపుమని యొకనాడు కోరెను. ఆ నెల నాకును ఖర్చు లధికముగా నుండెను. తెలుగున చెప్పుటకు సిగ్గుపడి కాబోలు, 'యూ హావ్ మచ్ టు బి థాంక్‌ఫుల్ ఫర్' అని ఆంగ్లమున చెప్పితిని. పని లేనివా రెందరో గదా యని నా మనస్సులోని పోలిక. కోర్టులలో తిరిగి ఆంగ్లము నెరిగినవాడగుటచేత అతడు నెమ్మదిగా, "ఎవరికి, బాబుగారూ?" అని మాత్ర మడిగెను.

ఆ రాత్రి నాకు 1840లో ఇంగ్లండున తీర్పైన ఈస్ట్‌వుడ్, కెన్యన్‌ల వ్యాజ్యము జ్ఞప్తికి వచ్చెను. తండ్రి లేని బాలికకు సంరక్షకుడై యొకడు అప్పు చేసి యామెను పోషించి చదివించెను. పెరిగి పెద్దదైన పిమ్మట ఆమెయు, తరువాత భర్తయు ఆ యప్పు తీర్చెద మనిరి, భర్త తీర్చలేదు. జరిగిపోయిన మేలు వాగ్దానమునకు తగిన ప్రతిఫలము గాదనియు, నైతికమైన బాధ్యతను న్యాయస్థానము అమలుపరుప జాలదనియు లార్డ్ డెన్మన్ తీర్పు చెప్పెను. నోటితో 'ఒబ్లైజ్డ్' అను జాతి, చట్టముతో ఆ కట్టును విప్పివేసినది. మన దేశమునకై 1872లో చేయబడిన కాంట్రాక్టుల చట్టము మాత్రము, ఇరువదియైదవ సెక్షనులో, ఒకడు స్వేచ్ఛగా మునుపే చేసిన మేలునకు బదులిచ్చెద నన్న మాట చెల్లునని యొప్పుకొన్నది. అందలి ఉదాహరణములలో నొకటి పరుల బిడ్డను పోషించినవానిదే! మేలు ముగిసినను మేలు చేసినవా డిందు మాయము గాలేదు.

నేను జీత మిచ్చుచుంటిని గాన గుమస్తాకు ఋణమేమియు లేదని వాదింపవచ్చును. కాని కొన్నియేండ్ల క్రిందట నే నొక అప్పీలు గడువును తప్పుగా లెక్కించితిని. ఆ గడువు మరునాటితో తీరునని కనిపెట్టి, రాత్రి పదిగంటలకు వర్షములో నాయింటికి వచ్చి చెప్పినవా డితడే. ఆనాడు 'థాంక్స్' అంటిని. తరువాత మరచితిని.

మరుసటి నెల మొదలు జీతము పెంచితిని. క్రొత్త మొత్తమును జూచి యతడు పుస్తకమున సంతకము చేసెను, థాంక్స్ అనలేదు. ఆనాటి వాయిదాల పట్టికను నా ముందు పెట్టి, మొదటి కేసు పదిన్నరకే పిలుతురని చెప్పెను.