ఆత్మరక్షణకు గల వ్యవధి

ఆపద ఎదురైనప్పుడు మనిషి తన చేతిని నమ్ముకోవాలా, రాజ్యాన్ని నమ్ముకోవాలా? ఈ ప్రశ్నను ధర్మశాస్త్రాలు, న్యాయశాస్త్రాలు ఎంతగా చర్చించినా, ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో అది వీధిలోనే ఎదురవుతుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో పెరిగిన ఈ పట్టణానికి ఉత్తరాంధ్ర నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు బతుకుతెరువు కోసం తరలివచ్చాయి. కన్న ఊరిలో ఆపద వస్తే బంధుబలగం ఉంటుంది, ఊరి పెద్దలు ఉంటారు. రైల్వే క్వార్టర్లలో పక్కింటివారి భాషే వేరు. రాత్రి డ్యూటీ ముగించుకొని చీకటి దారిలో ఇంటికి నడిచే కార్మికునికి పోలీసే దిక్కు. అయితే రైల్వే ఆస్తికి రైల్వే రక్షణ దళం, రైళ్లలోను స్టేషన్లలోను జరిగే నేరాలకు ప్రభుత్వ రైల్వే పోలీసులు, ఊరికి ఊరి ఠాణా అని హద్దులున్నాయి. దొంగకు ఈ హద్దులతో పని లేదు. వాటిని తెలుసుకోవలసిన అవసరం ఫిర్యాదుదారుకే కలుగుతుంది.

ఆత్మరక్షణ హక్కును 1860 నాటి భారత శిక్షాస్మృతి 96 నుండి 106 వరకు గల సెక్షన్లలో గుర్తించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ హక్కును 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో నిలుపుకొన్నది. ప్రాణాపాయం ఎదురైన పౌరుడు పిరికివానివలె పారిపోనక్కరలేదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ ఈ హక్కుకు రెండు కట్టుబాట్లున్నాయి. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు. అధికారుల సహాయం పొందే వ్యవధి ఉన్నచోట ఈ హక్కే లేదు.

నైతిక సమస్య అంతా ఆ 'వ్యవధి'లోనే ఉన్నది. ఠాణా దగ్గరలోనే ఉన్నా ఫిర్యాదు కదలదని, కేసు తేలేసరికి ఏళ్లు గడుస్తాయని నమ్మినవానికి వ్యవధి ఉండీ లేనట్టే. అట్టివాడు ఆయుధం పట్టడం అరుదు. సాధారణంగా అతడు బలవంతుని నీడ చేరతాడు. అప్పుడు రక్షణ అమ్ముడుపోయే సరుకవుతుంది. రైల్వే తుక్కు ఇనుము వ్యాపారంపై ఆధిపత్యం కోసం ఖరగ్‌పూర్‌లో ముఠాలు పుట్టడం, వాటి మధ్య నెత్తురు పారడం తెలిసిన చరిత్రే. ఆ ముఠాల నాయకులలో ఒకడిగా పత్రికలకెక్కిన శ్రీను నాయుడు 2017 జనవరిలో ఒక పార్టీ కార్యాలయంలో, అనుచరులు చుట్టూ ఉండగానే తుపాకీ గుళ్లకు బలయ్యాడు. సొంత బలం దాన్ని పోగుచేసుకున్నవానినే కాపాడలేకపోయింది.

అట్లని పోలీసులు ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టేనా? కాదని ఇదే పట్టణంలోని హిజ్లీ చెబుతుంది. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరంలో నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ ఘాతుకాన్ని బహిరంగంగా నిరసించారు. 1951లో ఆ భవనంలోనే దేశంలోని మొదటి ఐఐటీ ఆరంభమైంది. నిర్బంధంలో ఉన్నవానికి ఆత్మరక్షణ అన్న మాటకే అర్థం లేదు. వాని ప్రాణం పూర్తిగా రాజ్యం పూచీ.

కనుక ఆత్మరక్షణ, రాజ్యరక్షణ ఒకదానికొకటి పోటీ కావు. ఆత్మరక్షణ ఆపద ముంచుకువచ్చిన ఆ క్షణానికే చెందినది. ఆ క్షణానికి ముందు కాపు కాయడం, తరువాత న్యాయం తీర్చడం రాజ్యం పని. ఆ పని జరగనిచోట క్షణకాలపు హక్కు నిత్యవ్యవహారమై, చివరకు బలవంతుని పెత్తనంగా మారుతుంది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఫిర్యాదు నమోదు చేయవచ్చునని 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నది. అర్ధరాత్రి వచ్చిన కార్మికుణ్ణి "ఇది మా హద్దు కాదు" అని తిప్పి పంపక, కూర్చోబెట్టి అతని మాట రాసుకునే ఉద్యోగి ఆ వ్యవధిని నిజం చేస్తాడు. పౌరుడు కర్ర కింద పెట్టాలని కోరే నైతిక అర్హత రాజ్యానికి అక్కడే లభిస్తుంది.