పగిలిన అద్దము ఎవరి అప్పు?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:28 నుండి 22:15 వరకు, ఫిలేమోను 17–19



ఈ మాసము మీ యెదుట ఉంచదలచిన సంగతి చూపునకు చిన్నది: ఒక అద్దము, రెండు రేకులు, ఒక గుంజ. అయినను వీటి మూలముగా మా సంఘములో రెండు కుటుంబములవారు మూడు వారములు ఒకరి ముఖమొకరు చూడక ఆరాధనలో కూర్చుండిరి. అందులో మా తప్పును కొంత కలదు గనుక దాచక చెప్పుచున్నాము.

మా సంఘస్థుడొకడు రోడ్డు ప్రక్కన చిన్న టిఫిను హోటలు నడుపుకొనుచున్నాడు. ముందర రేకుల పందిరి, దాని క్రింద రెండు బల్లలు, వడలు బజ్జీలు పెట్టు గాజు బీరువా, ఇంతే అతని ఆస్తి. ఒకనాటి ఉదయము మన సంఘపు రైతే ఒకడు అక్కడ ఇడ్లీ తిని, డబ్బిచ్చి, ట్రాక్టరు ఎక్కి వెనుకకు నడుపగా ట్రక్కు మూల పందిరి గుంజకు తగిలెను. గుంజ విరిగెను, రేకులు జారి బీరువా మీద పడెను, అద్దము పగిలెను. దేవుని కృపవలన ఎవరికిని దెబ్బ తగులలేదు. “అయ్యో, చూచుకొనలేదు తమ్ముడూ! తరువాత మాటలాడుకొందము” అని రైతు వెళ్లిపోయెను. ఆ “తరువాత” రానే లేదు.

హోటలు సహోదరుడు అడుగుటకు జంకెను. ఆ రైతు దినదినము వచ్చు బేరము; అతని కూలీలును అక్కడనే టీ త్రాగుదురు. అడిగినయెడల బేరము పోవునేమో. అడుగనియెడల నష్టము మిగులును. అతడు మా యొద్దకు వచ్చినప్పుడు మేము తొందరపడి, “క్షమించి విడిచిపెట్టుము” అని చెప్పి, ప్రార్థన చేసి పంపితిమి. అతడు గుమ్మము దాటుచు, “క్షమించితిని అయ్యగారూ, కాని అద్దము తనంతట తాను అతుకుకొనదు గదా” అనెను. ఆ మాట ఆ రాత్రి మమ్మును నిద్రపోనియ్యలేదు.

లేచి నిర్గమకాండము తెరచితిమి. ఒకడు తన పశువును విడువగా అది పరుని చేను మేసినయెడల, తన చేలోని మంచి పంటనుండియే అచ్చుకొనవలెనని అక్కడ ఉన్నది. ముండ్లకంపకు పెట్టిన నిప్పు ప్రాకి పరుని కుప్ప కాలినయెడల, నిప్పు పెట్టినవాడే నష్టము తీర్చవలెను. ప్రాకవలెనని అతడు కోరలేదు. అయినను అప్పు అతనిదే. పొడుచు ఎద్దని తెలిసియు కట్టివేయని యజమానుని దోషము మరింత పెద్దది. బ్రేకు సరిగా పట్టదని తెలిసియు బండి నడుపువారు ఈ మాట ఆలోచింపవలెను. “కావలెనని చేయలేదు” అనునది నిజమే కావచ్చును. అది మన మనస్సును గూర్చిన మాట. పొరుగువాని నష్టమును తీర్చు మాట కాదు.

అప్పుడు మా తప్పు మాకు తెలిసెను. ఉన్నవాని అప్పును లేనివానిచేత తీర్పించి, దానికి క్షమాపణయని పేరు పెట్టితిమి. నష్టపడినవాడు తన యిష్టముతో విడిచిపెట్టినయెడల అది అతని కానుక. చెల్లింపలేని బీదవానిని అట్లు విడుచుట గొప్ప కృప. కాని ఇంకొకని జేబులోనుండి ఆ కానుక ఇప్పించుటకు బోధకునికి అధికారము లేదు.

తెల్లవారగానే మేము హోటలునకు వెళ్లి ఆ సహోదరుని క్షమాపణ వేడుకొంటిమి. తరువాత ఇద్దరము కూర్చుండి లెక్క వ్రాసితిమి: అద్దము 1,400 రూపాయలు, రేకులు 1,600, గుంజకును మేస్త్రీ కూలికిని 1,000, మొత్తము 4,000. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన క్రమము చొప్పున మొదట ఒంటరిగా వెళ్లుమంటిమి. అతడు బేరగాండ్ర యెదుట కాక, సాయంకాలము రైతు ఇంటికి పోయి, కోపము లేకుండ లెక్క చూపెను. రైతు కొంతసేపు మౌనముగానుండి, “నీవు అడుగలేదు గనుక నష్టము పెద్దది కాదనుకొంటిని తమ్ముడూ. అడుగకమునుపే నేను రావలసినది” అనెను. సగము అప్పుడే ఇచ్చి, మిగిలినది వడ్లు అమ్మిన తరువాత తీర్చెను. అద్దము 1,250కే దొరికినందున హోటలు సహోదరుడు 150 రూపాయలు తిరిగి ఇచ్చివేసెను. మా ప్రసంగములకంటె ఆ 150 రూపాయలు సంఘమునకు ఎక్కువ బోధించినవి.

అంగడి పెట్టుకొన్నవారలారా, ఇట్టిది జరిగినప్పుడు మొదట మనుష్యులకు దెబ్బ తగిలెనేమో చూడుడి. బండి నంబరు వ్రాసికొనుడి, ఫోనుతో ఫోటోలు తీయుడి, చూచినవారిని గుర్తుంచుకొనుడి. మేస్త్రీచేత ఖర్చు వ్రాయించి, ఉన్నది ఉన్నట్లు అడుగుడి. పాత పగుళ్లను క్రొత్త లెక్కలో చేర్చకుడి. సొమ్ము ముట్టగానే రసీదు వ్రాసి ఇయ్యుడి. నష్టము పెద్దదైనయెడల ఆలస్యము చేయక పోలీసు స్టేషనులో తెలియజేయుడి. వాహనములవలన పరులకు కలుగు నష్టము నిమిత్తము ఇన్సూరెన్సు ఉండవలెనని 1988 మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ఆస్తి నష్టమునకు క్లెయిముల ట్రిబ్యునలును అడుగుటకును దారి చూపుచున్నది. ఆ దారిన నడచుట సహోదర ద్వేషము కాదు.

బండ్లు నడుపువారలారా, మీరు అడిగించుకొనకుడి. బీదవాడు నోరు తెరచువరకు కనిపెట్టుటయే అతనికి రెండవ నష్టము. దోషము ఒప్పుకొన్నవాడు మూలధనముతో అయిదవ వంతు కలిపి ఇయ్యవలెనని సంఖ్యాకాండము 5వ అధ్యాయములో చదువుచున్నాము. జక్కయ్య నాలుగంతలు ఇచ్చెదననెను. మనము ఒకంత ఇచ్చుటకైనను వెనుదీయుదుమా?

ఒనేసిము చేసిన నష్టమును తన లెక్కలో వేయుమని పౌలు ఫిలేమోనుకు స్వహస్తముతో వ్రాసెను. నష్టము లేదనలేదు, తాను తీర్చెదననెను. మన ప్రభువును మన పాపము చిన్నదని చెప్పి క్షమింపలేదు; సిలువమీద దాని వెల చెల్లించి క్షమించెను. అంత వెలతో కొనబడిన మనము పొరుగువాని అద్దము వెల ఎగవేసి ఆయన బల్ల యొద్దకు ఎట్లు వత్తుము? మీ ఊరిలో ఎవని గుంజనైనను, గోడనైనను విరుగగొట్టి “తరువాత” అని వచ్చితిరా? వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందే అక్కడికి వెళ్లుడి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మేము చేసిన నష్టమును ఒప్పుకొను ధైర్యమును, తీర్చు మనస్సును మాకు దయచేయుము. నష్టపడినవారికి సత్యము పలుకు నోటిని, ద్వేషము లేని హృదయమును ఇమ్ము. మా అప్పు తీర్చిన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.